స్విఫ్ట్ పెట్రోల్‌కు ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేయించొచ్చా? నిజంగా పవర్ పెరుగుతుందా?

కావలి_స్విఫ్ట్

అందరికీ నమస్కారం. నాది 2018 స్విఫ్ట్, 1.2 పెట్రోల్, మాన్యువల్. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. మూడేళ్లు కృష్ణపట్నం పోర్టు దగ్గర పనిచేశాను. బండి పగలంతా ఆ ఉప్పుగాలిలోనే నిలబడేది. ఇప్పుడు వెనక సైలెన్సర్ డబ్బా కింద తుప్పు పట్టి చిల్లు పడింది. ఏడాదిగా పికప్ కూడా తగ్గింది. హైవే మీద లీటరుకు 18 ఇచ్చే బండి ఇప్పుడు 15 ఇస్తోంది.

నెల్లూరులో ఒక షాపులో చూపిస్తే, "ఎట్టాగూ మార్చాల్సిందే కదన్నా, కంపెనీది ఎందుకు, ఫ్రీ ఫ్లో వేద్దాం. తొమ్మిది వేలు. పది పదిహేను హెచ్‌పీ పెరుగుద్ది" అన్నాడు. (ఫ్రీ ఫ్లో అంటే పొగ పెద్దగా అడ్డు లేకుండా నేరుగా పోయే సైలెన్సర్.) ముందున్న క్యాట్, అంటే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా తీసేస్తే ఇంకా లాగుద్దంట. ఆ తీసిన డబ్బా తనకే ఇస్తే బిల్లులో మూడు వేలు తగ్గిస్తానన్నాడు.

దాచుకోకుండా చెప్తున్నాను, నాకు ఆ శబ్దం మీద ఎప్పటినుంచో కోరిక ఉంది. కాలేజీ రోజుల్లో ట్రంకు రోడ్డు మీద ఒక పాత హోండా సిటీ పోతుంటే ఆ గొంతు వినడానికి నడుస్తున్నవాణ్ణి ఆగిపోయేవాణ్ణి. కాబట్టి వద్దు అని ఒక్క మాటలో తేల్చకండి. ఎందుకో చెప్పండి. చేయించుకున్నవాళ్లు ఉంటే మీ అనుభవం రాయండి.

మైపాడు_గాలి

వేయించెయ్ అన్నా. నేను మా పాత ఆల్టోకు వేయించి రెండేళ్లయింది. సాయంత్రం మైపాడు రోడ్డులో కిటికీలు దించుకొని పోతుంటే ఆ ఆనందమే వేరు. పవర్ కూడా బాగా తెలుస్తుంది.

ఒంగోలు_గిత్త

తమ్ముడూ, నీ కోరిక నాకు అర్థమైంది. నాది 2015 హోండా సిటీ, 1.5 ఐ-వీటెక్. క్యాట్‌ను ముట్టుకోకుండా దాని వెనక నుంచి చివరిదాకా మొత్తం మార్పించాను. అంటే మధ్యలో ఉండే చిన్న డబ్బా రెజొనేటర్ పోయింది, వెనక పెద్ద డబ్బా బదులు నేరుగా పోయే మఫ్లర్ వచ్చింది. మొదటి నెల నిద్రపట్టలేదంటే నమ్ము. పొద్దున్నే లేచి కొత్తపట్నం బీచ్ దాకా ఊరికే పోయొచ్చేవాణ్ణి. నాలుగు వేల ఆర్పీఎం దాటాక వీటెక్ ఇంజిన్ గొంతు మారే చోట ఒళ్లు జలదరించేది.

రెండో నెలలో అమ్మనూ నాన్ననూ తీసుకొని చెన్నై బయల్దేరాను. టంగుటూరు టోల్ దాటేదాకా అందరం బాగానే ఉన్నాం. వంద స్పీడులో స్థిరంగా పోతుంటే కారు లోపల "బూఁ" అని ఒకటే మోత. బయటికి అంత వినపడదు, లోపలే. గొంతు పెంచితే తప్ప పక్క సీటుకు మాట చేరదు. నెల్లూరు వచ్చేసరికి అమ్మకు తలనొప్పి మొదలైంది. నాయుడుపేట దగ్గర "కాసేపు ఆపు నాయనా, చెవుల్లో పోటు" అంది. చెట్టు కింద అరగంట ఆపాను. ఆ రోజు ఆమె ముఖం చూశాక నాకు ఆ సౌండు మళ్లీ అలా వినపడలేదు.

తిరిగొచ్చాక రెజొనేటర్ మళ్లీ పెట్టించాను. మోత ముప్పావు వంతు తగ్గింది. ఆ తర్వాత ఇంకో ఏడాది తిరిగి, ఇప్పుడు వెనక డబ్బా కూడా కంపెనీదే వేయించుకున్నాను.

పవర్ సంగతి కూడా చెప్తాను. నాకూ బాగా పెరిగిందనే అనిపించింది. తర్వాత మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టి స్టాప్‌వాచ్ పట్టించాను. మూడో గేరులో 40 నుంచి 100కు ఎంతసేపు పడుతుందో చూశాం. ఒకే రోడ్డు, అటు ఐదుసార్లు, ఇటు ఐదుసార్లు, ఏసీ ఆపి. కంపెనీ సైలెన్సర్ తిరిగి పెట్టాక మళ్లీ అదే చేశాం. తేడా మా చేతి పొరపాటు కన్నా తక్కువ. చెవి చెప్పేదీ గడియారం చెప్పేదీ ఒకటి కాదు.

ఆటోనగర్_అబ్బాయ్

నెల్లూరు ఆటోనగర్‌లో పద్నాలుగేళ్లుగా ఎగ్జాస్టు, వెల్డింగు పనే నాది. ఫ్రీ ఫ్లోలు నేను కూడా వేశాను కాబట్టి ఉన్నమాట రాస్తాను.

ముందు ఒక ప్రశ్న. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే బానెట్ వైపు నుంచి టిక్ టిక్ టిక్ అని వస్తోందా? ఐదు పది నిమిషాల్లో వేడెక్కాక తగ్గిపోతుందా? ఇది తేలకుండా సైలెన్సర్ మీద రూపాయి పెట్టకు. వెనక డబ్బాకు చిల్లు పడితే శబ్దం వస్తుంది గానీ మైలేజ్ 18 నుంచి 15కు పడిపోదు. నీ బండిలో ఇంకేదో ఉంది.

ఇక తొమ్మిది వేల ఫ్రీ ఫ్లో ఏ పైపుతో చేస్తారో అడుగు. "ఎస్ఎస్ అన్నా, తుప్పు పట్టదు" అంటారు. ఎస్ఎస్‌లో ఏ గ్రేడు అనేదే అసలు విషయం. 304 అంటే దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. ఖరీదు ఎక్కువ. చాలా చోట్ల వాడేది మెట్ల రెయిలింగ్‌కు వచ్చే 202 పైపు. అందులో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు. అయస్కాంతం పెట్టి చూపిస్తారు, "చూడన్నా, అంటుకోవడం లేదు, అసలు ఎస్ఎస్" అని. 202కి కూడా అయస్కాంతం సరిగా అంటుకోదు, కాబట్టి ఆ పరీక్ష దేన్నీ తేల్చదు. పైగా కార్ల కంపెనీలు ఎక్కువగా వాడే 409 గ్రేడుకు అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. అది ఎగ్జాస్టు వేడికోసమే తయారైన స్టీలు. నీలాగా సముద్రం పక్కన తిరిగే బండికి రెయిలింగ్ పైపు వేస్తే వెల్డింగ్ అతుకుల దగ్గర రెండు వానాకాలాలు దాటదు.

ఇంకో మాట. నీ సైలెన్సర్ ఉప్పుగాలికి బయటినుంచి ఒక్కటే తినలేదు. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరిగా బయటికి వస్తాయి. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండిలో డబ్బా పూర్తిగా వేడెక్కదు. ఆ ఆవిరి లోపలే నీరై నిలబడి అడుగు తినేస్తుంది. డబ్బా కింద సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది చూడు, అది నీళ్లు కారడానికి కంపెనీవాళ్లు పెట్టిందే. లీకేజీ అనుకొని దాన్ని వెల్డింగ్ చేయించుకున్నవాళ్లను ఎంతమందిని చూశానో.

కావలి_స్విఫ్ట్

అబ్బాయ్ అన్నా, టిక్ టిక్ వస్తోంది! చలికాలంలో ఇంకా ఎక్కువ. ట్యాపెట్ సౌండనుకొని వదిలేశాను.

ఆటోనగర్_అబ్బాయ్

అయితే ఒకసారి తీసుకురా. ఇంజిన్ హెడ్‌కూ, పొగను పైపులోకి పంపే మానిఫోల్డ్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్ (సీలు) లీకవుతుందని నా అనుమానం. చూడకుండా గట్టిగా చెప్పను.

థర్మో_మాస్టారు

ఇంజనీరింగ్ కాలేజీలో థర్మల్ పాఠాలు చెప్తాను. ఈ విషయంలో రెండు వైపులా తప్పుడు మాటలు తిరుగుతున్నాయి. "పైపు ఎంత లావుంటే అంత పవర్" అని కొందరు, "ఇంజిన్‌కు బ్యాక్ ప్రెషర్ కావాలి, లేకపోతే టార్క్ పోతుంది" అని కొందరు.

బ్యాక్ ప్రెషర్ ఏ ఇంజిన్‌కూ మేలు చేయదు. కావలసింది వేగం. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే కాలిన గ్యాసు ఒక ముద్దలా ఉరుకుతుంది. ఆ ముద్ద వేగంగా ముందుకు పోతే దాని వెనక ఒత్తిడి తగ్గుతుంది. సరిగ్గా అదే సమయంలో ఇన్‌టేక్ వాల్వు కూడా కాస్త తెరుచుకొని ఉంటుంది, రెండూ కలిసి తెరిచి ఉండే ఆ కొద్ది క్షణాన్ని ఓవర్‌ల్యాప్ అంటాం. వెనక ఏర్పడిన తక్కువ ఒత్తిడి సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేసి కొత్త గాలికి దారిస్తుంది. దీన్నే స్కావెంజింగ్ అంటారు. బోరు నీళ్లు రెండంగుళాల పైపులో ఎలా ఉరుకుతాయో, అవే నీళ్లు వెడల్పు కాలువలో పడ్డాక ఎలా నెమ్మదిస్తాయో పొలం ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. 1.2 లీటర్ల ఇంజిన్‌కు రెండున్నర అంగుళాల పైపు వేస్తే జరిగేది అదే. గ్యాసు నెమ్మదిస్తుంది, చల్లబడుతుంది, ఊళ్లో తిరిగేటప్పుడు కావలసిన రెండు వేల ఆర్పీఎం దగ్గర టార్క్ తగ్గుతుంది. అలా తగ్గినప్పుడు జనం "బ్యాక్ ప్రెషర్ పోయింది" అనుకుంటారు. పోయింది వేగం.

2018 స్విఫ్ట్ పెట్రోల్ 6000 ఆర్పీఎం దగ్గర 83 పీఎస్, 4200 దగ్గర 113 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. అలాంటి ఇంజిన్‌లో వెనక డబ్బా ఒక్కటీ మార్చి పదిహేను తెస్తాననడం అంటే ఆ డబ్బా ఇన్నాళ్లూ దాదాపు ఐదో వంతు పవర్ మింగిందని చెప్పడం. ఏ కంపెనీ అలా తయారు చేయదు. ఒకటో రెండో దొరికితే గొప్ప, అదీ పై ఆర్పీఎంలో. నిజంగా పెంచాలంటే హెడర్, క్యామ్, కంప్రెషన్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ అన్నీ కలిసి రావాలి. అది వేరే ఖర్చు, వేరే బండి.

గిత్త గారి చెన్నై మోత గురించి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. 2600 ఆర్పీఎం దగ్గర సెకనుకు దాదాపు 87 సార్లు. ఈ తక్కువ ఫ్రీక్వెన్సీకి కారు క్యాబిన్ ఒక డోలులాగా స్పందిస్తుంది. నేరుగా పోయే మఫ్లర్‌లో చిల్లుల పైపు చుట్టూ గ్లాస్ ఊల్ ఉంటుంది. అది కీచుమనే పై ఫ్రీక్వెన్సీలను బాగా పీల్చుకుంటుంది, కింది ఫ్రీక్వెన్సీలను దాదాపు వదిలేస్తుంది. కంపెనీ మఫ్లర్‌లో గదులు, అడ్డుగోడలు ఉండి, తరంగాన్ని తరంగంతోనే కొట్టేస్తాయి. దాని డిజైన్ అంతా ఆ "బూఁ"ను ఆపడం కోసమే.

కోవూరు_టీఎస్ఐ

మాస్టారూ, మీరు చెప్పింది టర్బో లేని ఇంజిన్లకు. టర్బో వేరే లెక్క. నాది పోలో జీటీ టీఎస్ఐ, 1.2, 105 పీఎస్. టర్బైన్ తర్వాత పైపులో ఒత్తిడి ఎంత తగ్గితే టర్బో అంత త్వరగా తిరుగుతుంది. డౌన్‌పైప్, అంటే టర్బో నుంచి కిందికి దిగే పైపు మార్చి సాఫ్ట్‌వేర్ వేయించుకుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇది ఊహ కాదు, నేను నడిపిన బండి.

కాకపోతే మిగతా కథ కూడా రాయాలి. సాఫ్ట్‌వేర్ లేకుండా పైపు ఒక్కటే మార్చిన మొదటి రెండు నెలలు చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఎంతుండాలో ఈసీయూ నిర్ణయిస్తుంది, అది పాత లెక్కే పట్టుకొని కూర్చుంటుంది. శబ్దం కూడా ఆశించినంత రాలేదు. పల్స్‌లను టర్బైనే మింగేస్తుంది కాబట్టి టర్బో బండి సహజంగానే మెత్తగా పలుకుతుంది.

తర్వాత చేసిన పని మీద నాకు ఈరోజుకీ బాధ ఉంది. డౌన్‌పైప్‌తో పాటు క్యాట్ తీయించేశాను. వారం తిరక్కుండా చెక్ ఇంజిన్ లైట్, స్కానర్‌లో పీ0420 కోడు. క్యాట్ వెనక ఉండే రెండో ఆక్సిజన్ సెన్సర్ "ఇక్కడ శుభ్రం కావడం లేదు" అని చెప్తోంది. దాన్ని మభ్యపెట్టడానికి ఒక స్పేసర్ పెట్టారు, లైటు ఆరింది. వాసన మాత్రం ఆరలేదు. గ్యారేజీలో రివర్స్ చేస్తుంటే కళ్లు మండేవి. మా పాపను స్కూలు దగ్గర దించేటప్పుడు అక్కడ నిలబడ్డ పిల్లలు ముక్కు మూసుకోవడం అద్దంలో చూశాను. పొల్యూషన్ సర్టిఫికెట్‌కు వెళ్తే కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం హద్దు దాటింది. మళ్లీ కొత్త క్యాట్ కొన్నాను. దాని ఖరీదు ఇక్కడ రాయను, ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

ఆటోనగర్_అబ్బాయ్

టీఎస్ఐ అన్న చెప్పినదానికి కలుపుతున్నాను. ఆ షాపతను క్యాట్ తీసుకొని మూడు వేలు తగ్గిస్తానన్నాడు కదా. ఎందుకంటే అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె మీద పూతగా. పాత క్యాట్లు కొనేవాళ్లు ఉన్నారు. నువ్వు పోగొట్టుకునేదాని విలువ ఆ మూడు వేలకు సంబంధం లేదు. ఎవరు అడిగినా నా షెడ్‌లో క్యాట్ తీయను.

పొగతోట_సిస్టర్

ఈ చర్చలోకి రావచ్చో లేదో తెలియదు, నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. మా తమ్ముడు చదువుతుంటే చూశాను. నెల్లూరు పొగతోటలో ఒక ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల వార్డులో నర్సుగా చేస్తున్నాను. మా వీధి పొడవునా ఆసుపత్రులే అని నెల్లూరువాళ్లందరికీ తెలుసు.

రాత్రి పదకొండు, పన్నెండు గంటలకు ఒక కారో బైకో పెద్ద శబ్దంతో పోతుంది. పదిహేను సెకన్లు కూడా ఉండదు. కానీ కిలోన్నర బరువున్న బిడ్డ ఒక్కసారిగా చేతులు విదిలించుకొని ఉలిక్కిపడుతుంది. మానిటర్‌లో గుండె వేగం ఎగురుతుంది. పక్క బిడ్డ ఏడుస్తుంది. ఒకరిని నిద్రపుచ్చడానికి నలభై నిమిషాలు పట్టిన రోజులున్నాయి. బయట కుర్చీల్లో తల్లులు లేచి అద్దం దగ్గరికి పరిగెత్తుకొస్తారు.

శబ్దం మీద ఇష్టం ఉండటం తప్పని అనడం లేదు. ఆ పదిహేను సెకన్లలో ఇటువైపు ఏం జరుగుతుందో చెప్పాలనిపించింది.

మైపాడు_గాలి

సిస్టర్, నేను ఊళ్లోకి వచ్చినప్పుడు మెల్లగానే నడుపుతాను. కానీ నిజమే, ఆ రోడ్డులో రాత్రిపూట చాలాసార్లు పోయాను. ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. ఇకమీద మినీ బైపాస్ మీదుగా పోతాను.

థర్మో_మాస్టారు

సిస్టర్ గారూ, మీరు రావలసిన చర్చే ఇది.

డెసిబెల్ లెక్క చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపయినట్టు. పది పెరిగితే పదింతలు, మన చెవికి సుమారు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. మన దేశంలో కార్లకు తయారీ దశలో పెట్టిన హద్దు 74 డెసిబెల్స్. పరీక్షలో బండి నడిచే గీత నుంచి ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలుస్తారు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా సగటు 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అక్కడ రాత్రి హద్దు 40. ఫోన్‌లో యాప్ పెట్టి "నాది 80 లోపే" అనేవాళ్లకు మనవి. ఎంత దూరం నుంచి, ఏ ఆర్పీఎంలో కొలిచారో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

పేపర్లు_పక్కా

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒంగోలులో వాహనాల కేసులు చూసే వకీలును.

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సెక్షన్ 190(2) శబ్ద, వాయు కాలుష్యానికి సంబంధించింది. మొదటిసారికి పది వేల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, వీటితోపాటు మూడు నెలలు లైసెన్సు పోతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం ప్రతి బండికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండాలని చెప్తుంది.

"కంపెనీ పేరున్న ఫ్రీ ఫ్లో వేశాను, బిల్లుంది" అంటే అది రక్షణ కాదు. బిల్లు కొన్నదానికి రుజువు, బండికి అనుమతి కాదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు ముందు వెతికేది కూడా ఇలాంటి మార్పులనే. చెప్పకుండా చేయించిన మార్పు పట్టుకొని క్లెయిమ్ నెలల తరబడి నాన్చిన కేసులు నేను చూశాను.

పాడైన సైలెన్సర్ బదులు అదే మోడల్‌కు వచ్చే సైలెన్సర్ వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. శబ్దమే కావాలనుకుంటే కంపెనీ నుంచే అలా ట్యూన్ చేసి వచ్చే బండి కొనుక్కోవడం ఒక దారి. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కు 2021లో వచ్చినప్పటి నుంచీ రెండు గొట్టాల ఎగ్జాస్టు, గట్టి గొంతు కంపెనీవే. అది అన్ని పరీక్షలూ పాసై రోడ్డెక్కిన బండి.

కనిగిరి_మెట్ట

మా మెట్ట ప్రాంతంవాళ్లకు ఒక హెచ్చరిక. కంది కోతల సమయంలో కట్టె రోడ్డు మీద పరుస్తారు, బండ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుందని. ఉలవ కూడా అంతే. నా బండికి క్యాట్ పైన ఉండే పల్చటి రేకు, అదే హీట్ షీల్డు, గడగడలాడుతోందని ఒక మెకానిక్ పీకేశాడు. "ఇది లేకపోయినా ఏం కాదు" అన్నాడు. నేనూ నమ్మాను.

పోయిన సంక్రాంతి తర్వాత ఊరికి వెళ్తుంటే ఉలవ కట్టె కింద చుట్టుకుంది. రెండు కిలోమీటర్లు పోయాక కాలిన వాసన. ఆపి వంగి చూస్తే పైపు పక్కన ఎర్రగా రాజుకుంటోంది. డిక్కీలో ఇంటికి తీసుకెళ్తున్న నీళ్ల క్యాన్ ఉంది కాబట్టి సరిపోయింది. వెనక సీట్లో మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. ఆ క్యాన్ లేకపోతే అనుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది.

సైలెన్సర్ పని చేయించేవాళ్లు ఎవరైనా, ఆ రేకులన్నీ తిరిగి బిగించారో లేదో స్వయంగా వంగి చూసుకోండి.

ఆటోనగర్_అబ్బాయ్

మెట్ట అన్న రాసింది అందరూ గుర్తు పెట్టుకోవాలి. పని చేసే క్యాట్ నాలుగైదు వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. రేకు గడగడలాడితే పీకేయక్కర్లేదు, ఒక హోస్ క్లిప్పు వేసి బిగిస్తే చాలు. వంద రూపాయల పని.

ఒంగోలు_గిత్త

మాస్టారూ, ఒక సందేహం. మోత తగ్గించడానికి పక్కకు మూసిన గొట్టం ఒకటి అతికిస్తారని విన్నాను. అది నిజంగా పనిచేస్తుందా?

థర్మో_మాస్టారు

పనిచేస్తుంది. క్వార్టర్ వేవ్ గొట్టం అంటారు. ఒక చివర మూసిన గొట్టంలోకి వెళ్లిన తరంగం గోడకు కొట్టుకొని తిరిగొచ్చేసరికి సరిగ్గా సగం అల వెనకబడి, అసలు తరంగాన్ని చంపేస్తుంది. పొడవు ఆ శబ్దం అలలో నాలుగో వంతు ఉండాలి. పైపులో గ్యాసు 200 డిగ్రీల దగ్గర ఉంటే శబ్దవేగం సెకనుకు దాదాపు 435 మీటర్లు. 87 ఫ్రీక్వెన్సీకి లెక్కేస్తే మీటరుంబావు గొట్టం. అంటే నాలుగడుగుల పైనే. చిన్న కారు కింద అంత గొట్టం ఎక్కడ పెట్టాలి? పైగా అది ఆ ఒక్క ఆర్పీఎంకే మందు. వేగం మారితే మోత మళ్లీ వస్తుంది.

కావలి_స్విఫ్ట్

అందరికీ నమస్కారం. మూడు వారాలైంది, ఏం జరిగిందో రాస్తున్నాను.

అబ్బాయ్ అన్న షెడ్‌కు పొద్దున ఏడింటికే వెళ్లాను, ఇంజిన్ చల్లగా ఉండాలన్నాడని ముందురోజు రాత్రే నెల్లూరులో బంధువుల ఇంట్లో పడుకున్నాను. స్టార్ట్ చేసి, సైలెన్సర్ గొట్టం చివర గుడ్డ అదిమిపెట్టాడు. ముందువైపు టిక్ టిక్ రెట్టింపయింది. హీట్ షీల్డు తీస్తే హెడ్ దగ్గర రెండో సిలిండర్ పక్కన నల్లటి మసి గీత. గ్యాస్కెట్ కాలిపోయి ఉంది, ఒక స్టడ్ నట్టు వదులు.

అన్న అర్థమయ్యేలా చెప్పాడు. ఆ సందులోంచి పొగ బయటికి పోవడమే కాదు, పల్స్‌కూ పల్స్‌కూ మధ్య బయటి గాలి లోపలికి కూడా వస్తుంది. దాని వెనకే మొదటి ఆక్సిజన్ సెన్సర్. అది ఆ గాలిని చూసి "పెట్రోలు తక్కువైంది" అని చెప్తుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది. స్కానర్ పెడితే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ 14 శాతం ప్లస్‌లో ఉంది, అంటే ఈసీయూ మామూలుకన్నా అంత ఎక్కువ పెట్రోలు పోస్తోందన్నమాట. నా మైలేజ్ అక్కడ పోయింది.

గ్యాస్కెట్, రెండు స్టడ్లు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. వెనక డబ్బా కంపెనీదే వేయించాను. ఐదు రోజులు తిరిగాక ట్రిమ్ 3కు దిగింది. మొన్న ఒంగోలు వెళ్లొస్తే 17.6 ఇచ్చింది. మూడో గేరులో తొక్కితే పాత బండి తిరిగొచ్చినట్టుంది. ఏడాదిగా నేను పోగొట్టుకున్న పవర్‌నే షాపువాడు ఫ్రీ ఫ్లోతో అమ్మబోయాడు.

శబ్దం కోరిక పోయిందా అంటే పోలేదు. ఒంగోలు వెళ్లినప్పుడు గిత్త అన్న తన సిటీలో కొత్తపట్నం దాకా తిప్పాడు. కంపెనీ సైలెన్సరే. కిటికీలు దించి, రెండో గేరులో ఆరు వేల దాకా లాగాడు. ఇంజిన్ సొంత గొంతు అంత బాగుంటుందని నాకు తెలియదు. రోడ్డు పక్కన వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు తలెత్తి కూడా చూడలేదు.

సిస్టర్ గారూ, మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. మా పెద్దోడు ఎనిమిదో నెలలోనే పుట్టాడు, మీ వీధిలోనే పదకొండు రోజులు ఉన్నాం. తను చాలాసేపు మాట్లాడలేదు.

పొగతోట_సిస్టర్

బాబు ఇప్పుడెలా ఉన్నాడు?

కావలి_స్విఫ్ట్

ఆరేళ్లు సిస్టర్. ముందు సీటు కోసం రోజూ గొడవే.

ఆటోనగర్_అబ్బాయ్

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి రా. కొత్త గ్యాస్కెట్ కూర్చున్నాక నట్లు కొంచెం వదులవుతాయి, టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి. డబ్బులేం అక్కర్లేదు. బండి చల్లగా ఉన్నప్పుడే రా, వేడి మీద బిగిస్తే స్టడ్ తెగుతుంది.